బాబు ఎప్పుడు నడిచాడో రాసిపెట్టారా?

నేను పిల్లల డాక్టర్‌ని కాదు. పెద్దవాళ్లను చూసే జనరల్ మెడిసిన్ డాక్టర్‌ని. అయినా మా ఓపీలో రోజుకొకసారైనా ఎవరో ఒకరి పసితనం గురించి అడగాల్సి వస్తుంది. అడిగిన ప్రతిసారీ ఇంచుమించు ఒకటే దృశ్యం. పాతికేళ్ల కుర్రాడు తన తండ్రి వైపు చూస్తాడు. ఆ తండ్రి కాసేపు గోడ వైపు చూసి, ‘‘అవన్నీ వాళ్లమ్మకి తెలుసు మేడమ్’’ అంటాడు. అమ్మ బయట బెంచీ మీద కూర్చుని ఉంటే పర్లేదు, పిలిపిస్తాం. ఒక్కోసారి పిలిపించడానికి ఆమె ఉండదు.

కొన్నాళ్ల క్రితం వచ్చిన ఒక అబ్బాయికి 23 ఏళ్లు. బీటెక్ పూర్తిచేసి ఉద్యోగంలో చేరాడు. మాట్లాడుతూ మాట్లాడుతూ ఉన్నట్టుండి ఆగిపోతాడు, చూపు ఒకచోట నిలిచిపోతుంది, ఏదో నములుతున్నట్టు పెదవులు కదుపుతాడు. నిమిషం తర్వాత మామూలే. ఏం జరిగిందో తనకి గుర్తుండదు. ఇదీ ఒక రకం ఫిట్సే. ఎంఆర్‌ఐ తీయిస్తే మెదడులో కణత వైపు భాగంలో చిన్న మచ్చ లాంటిది కనిపించింది. అలాంటి మచ్చ ఉన్నవారిలో కొందరికి పసితనంలో జ్వరంతో పాటు చాలాసేపు ఫిట్స్ వచ్చిన చరిత్ర ఉంటుంది. అందుకే అడిగాను, ‘‘రెండు మూడేళ్ల వయసులో ఎప్పుడైనా జ్వరంతో బిగుసుకుపోయాడా?’’

‘‘ఏదో ఒకసారి రాత్రిపూట ఆస్పత్రికి ఎత్తుకెళ్లినట్టు గుర్తు మేడమ్. నేనప్పుడు వేరే ఊళ్లో పనిచేసేవాణ్ని. ఎంతసేపు వచ్చిందో, ఏమన్నారో అన్నీ ఆవిడకే తెలుసు. ఆవిడ పోయి ఆరేళ్లయింది.’’

సమాచారం లేదని వైద్యం ఆగదు. మందులు మొదలుపెట్టాం, అబ్బాయి బాగానే ఉన్నాడు. కానీ ఆ రోజు ఇంటికొచ్చాక కూడా ఆ తండ్రి మాటే నా చెవిలో ఉండిపోయింది. ఒక మనిషి జీవితంలో మొదటి అయిదేళ్లు ఇంకొక మనిషి తలలో దాచి ఉంటాయి. ఆ మనిషి వెళ్లిపోతే అవీ వెళ్లిపోతాయి. దీనికి మందు మా దగ్గర లేదు. మీ ఇంట్లో ఉంది. ఒక నోటుపుస్తకం, ఒక పెన్ను.

పసిపిల్లలకు గుర్తుండదు, సరే. మనకి?

మూడేళ్ల లోపు జరిగినవి పెద్దయ్యాక ఎవరికీ సరిగా గుర్తుండవు. అది మతిమరుపు జబ్బు కాదు, అందరి మెదడూ అంతే. చిత్రమేమిటంటే అయిదేళ్ల పిల్లవాడికి గుర్తున్నవి కూడా తొమ్మిదేళ్లకు చెరిగిపోతాయి. అమెరికాలోని ఎమొరీ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2014లో ప్రచురించిన అధ్యయనంలో, మూడేళ్ల పిల్లలు తమ అమ్మలతో మాట్లాడిన సంగతులను రికార్డు చేసి, కొన్నేళ్ల తర్వాత అవే సంగతులు మళ్లీ అడిగి చూశారు. 5-7 ఏళ్ల మధ్య అడిగినప్పుడు పిల్లలు 60 శాతానికి పైగా గుర్తుచేసుకున్నారు. 8-9 ఏళ్లకు అది 40 శాతం లోపుకి పడిపోయింది. ఎందుకిలా అన్నదానికి ఒక వివరణ ఉంది. పసితనంలో మెదడులోని హిప్పోక్యాంపస్ అనే భాగంలో కొత్త కణాలు పెద్దఎత్తున పుడుతుంటాయి. ఆ కొత్త కణాల అల్లికలో పాత జ్ఞాపకాల దారులు చెదిరిపోతాయని ఎలుకల మీద చేసిన ప్రయోగాలు సూచించాయి. ఇల్లు కడుతూనే కాపురం ఉన్నట్టన్నమాట. మొదట్లో పెట్టిన సామాను ఎక్కడో గోడ వెనక ఉండిపోతుంది.

కాబట్టి పిల్లల సంగతి వదిలేద్దాం. కన్నవాళ్లుగా మనకైనా అన్నీ గుర్తుంటాయా అంటే, మనం అనుకున్నంతగా ఉండవు. ముఖ్యంగా తేదీలు. ఇద్దరు పిల్లలున్న ఇంట్లో పెద్దవాడి కథ చిన్నదానికి అతుక్కుంటుంది. ఆలస్యంగా నడిచినవాడు ఏళ్లు గడిచేకొద్దీ తొందరగా నడిచినట్టు మారిపోతాడు. ఎవరూ కావాలని అబద్ధం చెప్పరు. ప్రేమ అలా సర్దేస్తుంది. ఈ మాట ఇంత ధైర్యంగా చెప్పడానికి కారణం ఉంది. నేనే అలాంటి తల్లిని.

మా అమ్మ రాసింది

మా అబ్బాయి పుట్టేటప్పటికి నేను ఎండీ రెండో సంవత్సరంలో ఉన్నాను. ఆగస్టు చివర్లో పుట్టాడు. ఆరో నెల వచ్చాక వాణ్ని ఊళ్లో మా అమ్మ దగ్గర వదిలి మళ్లీ డ్యూటీలో చేరాను. నెలకు రెండుసార్లు, కుదరకపోతే ఒకసారి, రాత్రి బస్సెక్కి వెళ్లి పొద్దున్నే దిగి, మర్నాడు రాత్రికి మళ్లీ బస్సెక్కేదాన్ని. చాలామంది ఉద్యోగం చేసే తల్లులకు ఇది తెలిసిన కథే కాబట్టి ఇంతకంటే చెప్పను.

మా అమ్మ చదివింది ఎనిమిదో తరగతి. పాల లెక్కలకు ఒక పొడుగు పుస్తకం పెట్టేది. తేదీ, ఎన్ని లీటర్లు, నాగా అయిన రోజు పక్కన సున్నా. అమ్మ పోయాక ట్రంకుపెట్టె సర్దుతుంటే ఆ పుస్తకాల్లో ఒకటి చేతికొచ్చింది. పాత పేపర్లలో వేసేద్దామని తిప్పితే, మావాడు అక్కడున్న రోజుల్లో పాల లెక్క పక్కనే, అంచులో, ఒక్కోచోట పేజీ అడుగున, చిన్న చిన్న అక్షరాలు.

‘‘పళ్లెం మీద గరిటెతో కొట్టడం నేర్చాడు. ఇల్లు ఎగిరిపోతోంది.’’

‘‘మజ్జిగన్నం తిన్నాడు. పప్పు వద్దంట.’’

‘‘కరెంటు పోతే, కరెంటు బజ్జుంది అన్నాడు.’’

నేను పదిహేనేళ్లుగా బంధువులందరికీ, తోటి డాక్టర్లకీ చెబుతూ వచ్చిన మాట ఒకటుంది. ‘‘మావాడు మొదటి పుట్టినరోజుకే గదంతా తిరిగేశాడు’’ అని. నా కళ్ల ముందు ఆ దృశ్యం స్పష్టంగా ఉంది కూడా. నీలం చొక్కా, చేతిలో బెలూన్. పుస్తకంలో ఆ పుట్టినరోజు తేదీ పక్కన ఏముందంటే: ‘‘గోడ పట్టుకుని నిలబడ్డాడు. వదిలితే కూర్చుంటున్నాడు.’’ నడక మొదలైంది దీపావళి వారంలో, అంటే పద్నాలుగో నెలలో. ఆ రోజు నేను అక్కడ లేను. లేని రోజుని నా మనసు ఉన్న రోజులోకి లాక్కొచ్చింది.

ఇంకో నాలుగైదు పేజీల తర్వాత, నా ఎండీ ఫైనల్ పరీక్షల నెలలో, ఇది ఉంది. అప్పటికి వాడికి 20 నెలలు.

‘‘శనివారం. జ్వరం 102. రాత్రి తొమ్మిది దాటాక బిగుసుకుపోయాడు. కళ్లు పైకి పోయాయి. పక్కింటివాళ్లు చేతిలో తాళాలు పెట్టమన్నారు. పెట్టలేదు. అమ్మాయి ఎప్పుడో చెప్పింది గుర్తొచ్చి పక్కకి తిప్పి పడుకోబెట్టాను. గోడ గడియారం చూశాను, మూడు నిమిషాలు. టౌన్లో డాక్టరు గారు భయం లేదన్నారు. అమ్మాయికి సోమవారం పరీక్ష. చెప్పలేదు.’’

పరీక్ష అయ్యాక కూడా చెప్పలేదు. ఎందుకో నాకు తెలియదు, అడగడానికి అమ్మ లేదు. బహుశా నేను బాధపడతాననుకుందేమో. ఆ తర్వాత వాణ్ని మా దగ్గరికి తెచ్చుకున్నాం. వాడికి ఏ చిన్న జ్వరం వచ్చినా అమ్మ రాత్రి రెండుసార్లు ఫోన్ చేసేది. ‘‘తడిగుడ్డతో తుడిచావా? పక్కనే పడుకున్నావా?’’ అని. ‘‘జ్వరమేగా అమ్మా, నేను డాక్టర్నే’’ అని విసుక్కునేదాన్ని. జ్వరంతో ఒకసారి ఫిట్స్ వచ్చిన పిల్లల్లో సుమారు మూడింట ఒక వంతు మందికి మళ్లీ వచ్చే అవకాశం ఉంటుంది. అది చదివింది నేను. ఆ భయంతో రాత్రిళ్లు మేలుకున్నది మా అమ్మ.

మావాడికి మళ్లీ రాలేదు. ఆర్నెల్ల నుంచి అయిదేళ్ల లోపు పిల్లల్లో నూటికి ఇద్దరి నుంచి అయిదుగురికి జ్వరంతో ఫిట్స్ వస్తాయి. ఎక్కువమందిలో కొద్ది నిమిషాల్లో ఆగిపోతాయి, మెదడుకు ఏ హానీ ఉండదు. కాబట్టి ఇది చదివి భయపడొద్దు. అలా జరిగితే అమ్మ చేసినట్టే చేయండి. పక్కకి తిప్పి పడుకోబెట్టండి, నోట్లో ఏమీ పెట్టకండి, నీళ్లు పోయకండి, గడియారం చూడండి. అయిదు నిమిషాలు దాటితే 108కి ఫోన్ చేయండి. ముందే ఆగిపోయినా ఆ రోజే డాక్టర్‌కి చూపించండి. తర్వాత, నెమ్మదించాక, రాసిపెట్టండి. జ్వరం ఎంత, ఎంతసేపు, ఒళ్లంతా కొట్టుకుందా లేక ఒకవైపేనా, ఆ తర్వాత ఎంతసేపటికి మామూలుగా మాట్లాడాడు. ఎనిమిదో తరగతి చదివిన మనిషి ఆ రాత్రి కంగారులో రాసిన ఆరేడు వాక్యాల్లో, మేం రోగి చరిత్రలో అడిగేవి దాదాపు అన్నీ ఉన్నాయి.

ఏం రాయాలి?

ఇలా పిల్లల్ని చూసి రాయడం కొత్తేమీ కాదు. పరిణామ సిద్ధాంతం చెప్పిన చార్లెస్ డార్విన్ 1839 చివర్లో తన పెద్ద కొడుకు పుట్టిన దగ్గర్నుంచి నోట్సు రాసుకున్నాడు. ఎప్పుడు తుమ్మాడు, దేనికి భయపడ్డాడు, అద్దంలో తనను చూసుకుని ఏం చేశాడు, ఏడాదికి అన్నానికి ఏ మాట సొంతంగా కల్పించుకున్నాడు, అన్నీ. ఆ పిల్లవాడు పెట్టుకున్న పేరు ‘మమ్’. మన పిల్లలు ‘బువ్వ’ అన్నట్టే. 37 ఏళ్లకు, 1877లో, ఆ నోట్సు ఆధారంగా ఆయన ఒక వ్యాసం ప్రచురించాడు. పిల్లల ఎదుగుదల మీద తొలి శాస్త్రీయ రచనల్లో దానికి చోటుంది.

మన ఇళ్లలోనూ ఒక లెక్క ఉండేది. బోర్లా పడితే బొబ్బట్లు, అడుగులేస్తే అరిసెలు, మాటలొస్తే పంచదార చిలకలు. ఇరుగుపొరుగుకు పంచడంతో ఆ రోజు పదిమందికీ గుర్తుండేది. ఎప్పుడు నడిచాడంటే ‘‘మీ పెద్దమ్మ అరిసెలు వండిన సంక్రాంతికి’’ అని ఎవరో ఒకరు చెప్పేవారు. ఇప్పుడు స్వీట్ బాక్స్ తెప్పిస్తున్నాం, స్టేటస్ పెడుతున్నాం. ఇరవై నాలుగు గంటల్లో అదీ పోతుంది.

పుట్టినప్పటి వివరాలతో మొదలుపెట్టండి. ఎన్ని వారాలకు పుట్టారు, బరువెంత, వెంటనే ఏడ్చారా, కామెర్లు వచ్చి లైట్ల కింద పెట్టారా, ఐసీయూలో ఉంచారా. డిశ్చార్జి కాగితం పారేయొద్దు. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డ ఎదుగుదలను మొదటి రెండేళ్లూ పుట్టిన తేదీ నుంచి కాకుండా, పుట్టాల్సిన తేదీ నుంచి లెక్కవేస్తాం. ఎన్ని వారాలకు పుట్టారన్న ఒక్క సంఖ్య లేకపోతే ఆ లెక్కంతా తప్పుతుంది.

తర్వాత ఎదుగుదల. మిమ్మల్ని చూసి మొదటిసారి నవ్వింది, మెడ నిలిపింది, బోర్లా పడింది, ఆసరా లేకుండా కూర్చుంది, నడిచింది. పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూసింది, కావాల్సినదాన్ని వేలితో చూపించింది. ఈ చివరి రెండూ చాలామంది పట్టించుకోరు, మాకు మాత్రం చాలా ముఖ్యం. ఇక్కడ ఒక జాగ్రత్త. తేదీ రాయండి, పోటీ పెట్టుకోకండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ మన దేశంతో సహా అయిదు దేశాల పిల్లల్ని గమనించి 2006లో ఇచ్చిన లెక్క ప్రకారం, ఆరోగ్యంగా ఉన్న పిల్లలు ఎనిమిదో నెల నుంచి పదిహేడున్నర నెలల మధ్య ఎప్పుడైనా ఒంటరిగా నడక మొదలుపెట్టవచ్చు. అంత తేడా మామూలే. పక్కింటి పాప పదో నెలకే నడిచిందని మీ పుస్తకంలో రాయాల్సిన పనిలేదు.

కానీ 18 నెలలు దాటినా నడవకపోతే, ఏడాది దాటినా పేరుకి స్పందించకపోతే, ముఖ్యంగా వచ్చిన మాటలు, వచ్చిన పనులు మళ్లీ పోతే ఆగొద్దు. పిల్లల డాక్టర్‌ని కలవండి. ‘‘జూన్‌లో అమ్మ, తాత, బువ్వ అనేది. సెప్టెంబరు నుంచి ఏదీ అనడం లేదు’’ అని తేదీలతో చెప్పగలిగితే డాక్టర్‌కి పని సులువవుతుంది. ‘‘ఈమధ్య సరిగా మాట్లాడటం లేదండీ’’ అంటే రెండు సందర్శనలు అక్కడే గడిచిపోతాయి. ప్రభుత్వ రంగంలో రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద జిల్లాల్లో డీఈఐసీ అనే కేంద్రాలు ఉన్నాయి. అక్కడ ఎదుగుదల లోపాలకు ఉచితంగా పరీక్షలు చేసి, థెరపీ ఇస్తారు.

మందులు పడకపోవడం గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే నా ఓపీలో రోజూ ఎదురయ్యే చిక్కు ఇది. ‘‘నాకు పెన్సిలిన్ పడదు మేడమ్.’’ ఎవరు చెప్పారు? ‘‘చిన్నప్పుడు ఏదో అయిందంట.’’ ఏమైంది? తెలియదు. ఆ ఒక్క మాటతో మంచి మందొకటి పక్కన పెట్టేసి, ఖరీదైన, ఎక్కువ దుష్ప్రభావాలున్న మందు రాయాల్సి వస్తుంది. నిజానికి ఇలా చెప్పేవారిలో ఎక్కువమందికి పరీక్షించి చూస్తే ఆ అలర్జీ ఉండదు. పసితనంలో వైరల్ జ్వరంతో వచ్చిన దద్దుర్లను మందు వల్ల వచ్చినవనుకుని ఉంటారు. ఇంకొందరికి నిజంగానే ప్రాణాపాయమంత అలర్జీ ఉంటుంది. ఈ ఇద్దరినీ వేరుచేసేది ఆ రోజు మీరు రాసిన నాలుగు ముక్కలే. మందు పేరు, ఎన్నో డోసు, వేసిన ఎంతసేపటికి వచ్చింది, దద్దుర్లేనా లేక పెదవులు వాచి, ఊపిరి అందకపోవడం కూడా ఉందా. మందు పట్టీని ఫొటో తీసి, పేరు పుస్తకంలో ఎక్కించండి.

ఇక టీకాల కార్డు. అంగన్‌వాడీలోనో ఆస్పత్రిలోనో ఇచ్చిన మాతా శిశు సంరక్షణ కార్డును బిడ్డ బడిలో చేరగానే అటక మీద పడేస్తారు. అయిదేళ్లు దాటాక వేసే డీపీటీ బూస్టర్‌కి ఆ కార్డు కావాలి. అంతకంటే పెద్ద అవసరం ఇరవై ఏళ్ల తర్వాత వస్తుంది. ఏటా జులై, ఆగస్టు నెలల్లో మా ఓపీకి అమెరికా ప్రయాణం పెట్టుకున్న పిల్లలు ఫారాలు పట్టుకుని పరుగెత్తుకొస్తారు. అక్కడి విశ్వవిద్యాలయాల్లో చాలావరకు తట్టు, గవదబిళ్లలు, రుబెల్లా టీకా రెండు డోసులు వేసుకున్నట్టు రుజువు అడుగుతాయి. కార్డు దొరక్కపోతే రక్తపరీక్ష చేయించుకోవాలి, లేదంటే 28 రోజుల తేడాతో మళ్లీ రెండు డోసులు. విమానం టికెట్ వారంలో ఉంటుంది. కార్డుని ఇవాళే రెండువైపులా ఫొటోకాపీ తీసి, నోటుపుస్తకం వెనక అట్టలో పెట్టండి.

జబ్బుల్లోకి రాని సంగతులు

పైన చెప్పినవన్నీ డాక్టర్‌గా చెప్పాను. కానీ మందుల చీటీ లాంటి పుస్తకాన్ని పెద్దయ్యాక ఏ పిల్లలూ ఆప్యాయంగా తెరవరు. వాళ్ల మాటలు రాయండి. ఎలా పలికితే అలాగే, దిద్దకుండా. ‘యాల’ అంటే ఉయ్యాల, ‘కొక్కొక్కో’ అంటే గుడ్డు అని పక్కన అర్థం రాయండి. రెండు నెలలు పోతే ఆ మాట మారిపోతుంది, మీకూ గుర్తుండదు. ఎవరి ఒళ్లో నిద్రపోయేవాడు, దేన్ని చూసి జడిసేది, ఏ దుప్పటి లేకపోతే ఏడ్చేది. అప్పుడు మీరున్న అద్దె ఇల్లు, ఎదురుగా ఉన్న చెట్టు, పాలు లీటరెంత. తాతయ్య ఏ పేరుతో పిలిచేవారు. ఫోన్‌లో ఫొటోలు వేలల్లో ఉన్నాయిగా అంటారు. ఉన్నాయి. ఆ ఫొటోలో ఎందుకు ఏడుస్తున్నాడో ఫొటో చెప్పదు. ఫోన్ పోతే, పాస్‌వర్డ్ మరిచిపోతే ఫొటో కూడా ఉండదు. అయితే ఒకదానికి మాత్రం వీడియోనే మేలు. పిల్లలు వింతగా ఉలిక్కిపడుతున్నా, చూపు నిలిచిపోతున్నా వీడియో తీసి డాక్టర్‌కి చూపించండి. అది పది వాక్యాల పెట్టు.

రోజూ రాయాలనుకుంటే వారంలో మానేస్తారు. నేను చూసినంతలో ఆదివారం అయిదు వాక్యాలు అనుకున్నవాళ్లే కొనసాగించారు. తేదీతో పాటు వయసూ వేయండి, తర్వాత లెక్క కట్టుకునే పని తప్పుతుంది. బాల్‌పెన్నుతో మామూలు కాగితం మీద రాయండి. మందుల షాపు బిల్లు, స్కానింగ్ బొమ్మ లాంటివి వేడికి అచ్చయ్యే కాగితం మీద వస్తాయి. కొన్నేళ్లకు తెల్లగా మిగులుతాయి. వాటిని అతికించి ఊరుకోకుండా ఫొటోకాపీ తీయండి, విషయం చేత్తో రాయండి. ఇది అమ్మ పనే అనుకోవద్దు. నాన్నలు రాసినవి నేను చాలా తక్కువ చూశాను. చూసినవి మాత్రం బాగున్నాయి. తాతలైతే వర్షం ఎంత పడిందో కూడా రాస్తారు.

కొత్త తల్లులకు విడిగా ఒక మాట. మొదటి నెలల్లో మీ పుస్తకంలో మీ గురించి కూడా రాసుకోండి. రెండు వారాలు వెనక్కి తిప్పి చూస్తే అన్ని పేజీల్లోనూ ఏడుపు, నిద్రలేమి, ‘నావల్ల కాదు’, ‘నేను మంచి తల్లిని కాదు’ ఇవే ఉంటే, అది బాలింత బలహీనత అని సర్దుకోకండి. ప్రసవానంతర కుంగుబాటు కావచ్చు, చికిత్స ఉంది. ఆ పేజీలే డాక్టర్‌కి చూపించవచ్చు. టెలీ మానస్ నంబర్ 14416కి ఎప్పుడైనా ఫోన్ చేయవచ్చు, తెలుగులో మాట్లాడతారు. బిడ్డనో, మిమ్మల్ని మీరో ఏమైనా చేసుకోవాలన్న ఆలోచన వస్తే మాత్రం ఆ క్షణమే పక్కన ఉన్నవాళ్లకి చెప్పండి.

రాసినవన్నీ వాట్సాప్ గ్రూపుల్లో పెట్టకండి. పక్క తడిపిన సంగతి నవ్వొచ్చేదే కావచ్చు. అది ఆ బిడ్డ సొంతం. పదమూడేళ్లకు వాళ్ల స్నేహితులు చదివితే ఎలా ఉంటుందో ఆలోచించి, అలాంటివి ఇంట్లోనే ఉంచండి.

ఆలస్యమైపోయిందా?

‘‘మా పాపకి పదేళ్లొచ్చాయి, ఇప్పుడేం రాస్తాం’’ అని ఒక నర్సు అడిగింది. రాయవచ్చు. మేం ఓపీలో వాడే చిట్కానే వాడండి. ‘ఎన్నో నెలలో’ అని అడిగితే ఎవరూ చెప్పలేరు. ‘‘ఆ సంక్రాంతికి భోగిపళ్లు పోసినప్పుడు తనంతట తాను కూర్చుందా, ఎవరైనా పట్టుకున్నారా?’’ అంటే చెప్పగలరు. అన్నప్రాశన ఫొటో తీయండి, ఒళ్లో ఉందా, పీట మీద ఉందా చూడండి. మొదటి పుట్టినరోజు వీడియోలో నడుస్తోందా చూడండి. నాకైతే ఆ వీడియో లేదు, ఉంటే పదిహేనేళ్లు గొప్పలు చెప్పేదాన్ని కాదు. టీకాల కార్డులో తేదీలతో పాటు బరువు కూడా ఉంటుంది, అదొక ఆధారం. అమ్మమ్మ, నానమ్మ పక్కన కూర్చుని అడగండి. వాళ్లు చెప్పింది రాసి, ‘అమ్మమ్మ చెప్పింది’ అని కింద వేయండి. చూసి రాసిందీ, విని రాసిందీ వేరువేరుగా తెలియాలి. పెద్దవాళ్లు ఆరోగ్యంగా ఉన్నప్పుడే ఈ పని చేయండి. మతిమరుపు వ్యాధి మొదలైన పెద్దల్ని తీసుకొచ్చే కుటుంబాలు, మందుల కంటే ముందు నాతో చెప్పుకునే బాధ, ‘‘అడగాల్సినవి అడగలేదు మేడమ్’’ అనే.

రాసిన పుస్తకాన్ని బీరువాలో దాచేయకుండా అప్పుడప్పుడూ పిల్లలకు చదివి వినిపించండి. చదివి ఆపేయకుండా మాట్లాడండి. ‘‘అప్పుడు తాతయ్య ఏం చేశారు? నువ్వెందుకు పరుగెత్తావు?’’ అని. జరిగినవాటి గురించి ఇలా వివరంగా మాట్లాడే ఇళ్లలో పిల్లలకు జ్ఞాపకాలు మెరుగ్గా నిలుస్తాయని పరిశోధనలు చెబుతున్నాయి. న్యూజిలాండ్‌లో 2000లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో, అక్కడి మావోరీ తెగవారు చెప్పిన తొలి జ్ఞాపకాలు మిగతావారి కంటే చిన్న వయసువి, సగటున మూడేళ్లు నిండక ముందువి. పెద్దలు గతాన్ని కథలుగా చెప్పుకోవడానికి ఆ సంస్కృతిలో ఉన్న విలువే దీనికి కారణం కావచ్చని పరిశోధకులు భావించారు.

మా అమ్మ పుస్తకం మావాడికి చూపించడానికి నేను కొన్ని నెలలు ఆలోచించాను. వాడికిప్పుడు 17 ఏళ్లు. ఇంటర్‌కి హాస్టల్‌లో చేరే ముందు ఒక రాత్రి ఇచ్చాను. ఫిట్స్ సంగతి చదివి, ‘‘దీనివల్ల ఇప్పుడేమన్నా ఉంటుందా?’’ అని అడిగాడు. ఏమీ ఉండదని చెప్పాను. తలూపి పేజీ తిప్పాడు. కరెంటు బజ్జుంది దగ్గర పెద్దగా నవ్వాడు. తర్వాత చాలాసేపు మాట్లాడలేదు. పుస్తకం హాస్టల్‌కి తీసుకెళ్తానన్నాడు. ఫొటోకాపీ ఇచ్చి పంపాను, అసలుది నా దగ్గరే ఉంది.

వాడు అక్కడున్నన్నాళ్లూ పాలు రోజుకి లీటరు. రెండేళ్లు నిండే ముందు శ్రావణమాసంలో నేను వెళ్లి వాణ్ని తెచ్చుకున్నాను. ఆ తేదీ పక్కన అమ్మ రాసింది ఇంతే:

‘‘పొద్దున బస్సుకి వెళ్లారు. వెనక్కి తిరిగి టాటా చెప్పాడు. రేపటి నుంచి అర లీటరు చాలు.’’